పావురం తోక పట్టు

సొరుగు ముందు చెక్క మీద పడే బరువంతా లాగుడే. మేకు కొట్టిన మూల కొన్నాళ్లకు వదులవుతుంది. చెక్క కొస జిగురును పీల్చేస్తుంది కాబట్టి జిగురు ఒక్కదాన్నే నమ్ముకున్న అతుకూ నిలవదు. ఈ లాగుడుకు తట్టుకునేలా పుట్టింది డవ్‌టెయిల్ అతుకు. పక్క చెక్క కొసను మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా, పావురం తోక విప్పినట్టు కోస్తారు. ఆ తోకలు సరిగ్గా పట్టే గాడులను ముందు చెక్కలో తొలుస్తారు. పక్క నుంచి జార్చితే తోక గాడిలో దిగుతుంది. ముందుకు లాగితే వెడల్పు కొస గాడి గోడలకు ఒరుసుకుని బిగుస్తుంది. ప్రాచీన ఈజిప్టు కొయ్య సామానులోనూ ఈ అతుకు ఉంది. వనపర్తి జిల్లా పెబ్బేరుకు కృష్ణానది అవతల ఉన్న గద్వాలలో చీర నూలు ఒడలిని పట్టు అంచుతో కలిపేది కూడా ఇలాంటి పట్టే. అక్కడ పోగులో పోగు మెలిపెడతారు, ఇక్కడ కోణంలో కోణం ఇరికిస్తారు.

డిప్లొమా చదివినవాళ్లకు ఈ పేరు వర్క్‌షాపు ప్రాక్టికల్స్ నుంచే తెలుసు. పెబ్బేరు పిల్లలకు అందుబాటులో ఉన్న వనపర్తి పాలిటెక్నిక్ సంస్థానాధీశుల రాజభవనంలోనే నడుస్తోంది. అలాంటి కాలేజీల కార్పెంటరీ షెడ్డులో గుణియా పెట్టి గీత గీయడం, రంపంతో గీత పక్కనే కోయడం, ఉలితో తోక మొదలు చదును చేయడం నేర్పుతారు. అక్కడ చేయించేది సాధారణంగా ఒక్క తోకే. ఆరు సొరుగుల బల్లకు మాత్రం, ముందు మూలలకే ఈ అతుకు వేసినా, పన్నెండు మూలలు, మూలకు ఐదారు తోకలు. చేయి తిరిగిన వడ్రంగికీ అది రోజుల పని. రౌటర్, జిగ్ పనికి వచ్చేది ఇక్కడే.

రౌటర్ అంటే నిమిషానికి ఇరవై వేల చుట్లు దాటి తిరగగల మోటారు. దాని కొసన బిట్ బిగిస్తారు. డవ్‌టెయిల్ బిట్ కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. జిగ్ రెండు చెక్కలను పట్టి ఉంచే చట్రం. దాని మీద దువ్వెన లాంటి టెంప్లేటు ఉంటుంది. రౌటర్ అడుగున బిగించిన గైడ్ బుష్ ఈ దువ్వెన పళ్లను తాకుతూ నడుస్తుంటే కింద బిట్ చెక్కను తొలుస్తుంది.

సొరుగుకు సరిపోయేది ముందు నుంచి కనిపించని అతుకు. దీనికి 12.7 మిల్లీమీటర్ల, 14 డిగ్రీల బిట్ వాడతారు. పక్క చెక్కను నిలువుగా, దాని లోపలి ముఖం బయటికి కనిపించేలా బిగించాలి. ముందు చెక్కను పైన అడ్డంగా, లోపలి ముఖం పైకి ఉండేలా పెట్టాలి. కొత్తవాళ్లు తలకిందులు చేసేది ఎక్కువగా ఈ ముఖాలనే. పెన్సిలుతో ‘లోపల’ అని రాసుకుంటే సరి. రెండు చెక్కలూ ఒకదానికొకటి సగం పన్ను దూరం పక్కకు జరిగి ఉండాలి. 22.2 మిల్లీమీటర్లకో పన్ను ఉన్న జిగ్‌లో అది 11.1 మిల్లీమీటర్లు. అప్పుడు ఒకే నడకలో తోకలూ గాడులూ తయారవుతాయి. సొరుగు ఎత్తును పన్ను దూరానికి గుణిజంగా ఎంచుకుంటే పై అంచునా కింది అంచునా సమానమైన సగం పన్నులు వస్తాయి. సొరుగు గీసేటప్పుడే చూసుకోవలసిన లెక్క ఇది. చెక్కలు కోశాక గుర్తొచ్చినా చేయగలిగేది ఏమీ ఉండదు.

అతుకు బిగువంతా బిట్ లోతులో ఉంది. వదులుగా వస్తే బిట్‌ను మరికాస్త కిందికి దింపాలి, బిగుతుగా వస్తే పైకెత్తాలి. 14 డిగ్రీల బిట్‌కు లోతు 0.2 మిల్లీమీటర్లు మారితే బిగువు 0.1 మిల్లీమీటరు మారుతుంది. అందుకే మర తిప్పడంలో చేయి నిదానించాలి. తోక గాడిలో మరీ లోపలికి పోయినా, బయటికి పొడుచుకువచ్చినా దోషం లోతుది కాదు, టెంప్లేటును ముందుకో వెనక్కో జరపాలి. ఈ రెండు సవరణలను కలగలిపితే పూటంతా గడిచినా అతుకు కుదరదు. అసలు చెక్కంత మందమే ఉన్న తుక్కు ముక్కల మీద సరిచూసుకుని, కుదిరిన జతను దాచుకుంటే మరోసారి బిట్ లోతుకు అదే కొలబద్ద.

మిగతా బిట్‌లతో లాగా దీనితో కొంచెం కొంచెంగా లోతు పెంచుతూ తొలవడం కుదరదు. పైపైన తిప్పితే వెడల్పు కొస గాడి మెడను తినేస్తుంది. మొదటి కోతే పూర్తి లోతుకు పోవాలి. గట్టి కొయ్యలో సన్నటి తిన్నని బిట్‌తో ముందుగా నడిమి చెత్త తీసేస్తే మోటారుకు భారం తగ్గుతుంది. కరెంటు వోల్టేజీ పడిపోయే వేళల్లో అయితే ఇది తప్పనిసరి, వేగం తగ్గిన బిట్ కోయడం మాని చీల్చుతుంది. పని పూర్తయ్యాక రౌటర్‌ను పైకి ఎత్తకూడదు. ఎత్తితే బిట్ టెంప్లేటునూ తోకనూ కలిపి తినేస్తుంది. స్విచ్ ఆపి, బిట్ నిలిచాక, తనవైపు తిన్నగా లాక్కోవాలి.

చీలికల సంగతికి వస్తే, వేప ఈ విషయంలో మొండిది. దాని నారలు ఒకదానికొకటి ఎదురుతిరిగి ఉంటాయి కాబట్టి బిట్ బయటికొచ్చే అంచున పెచ్చులు లేస్తాయి. ముందుగా కుడి నుంచి ఎడమకు, చెక్క ముఖాన్ని గీరినంత తేలికగా ఒక నడక నడిపి, ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి పళ్ల లోపలికి పోతూ అసలు కోత కోస్తే అంచు నిలుస్తుంది. రెండు వైపులా కనిపించే అతుకులో నిలువు చెక్క వెనక ఒక తుక్కు చెక్కను ఆనిస్తే అటువైపూ పెచ్చు లేవదు. టేకు సాఫీగా కోసుకుంటుంది గానీ అందులోని ఇసుక లాంటి సిలికా బిట్ పదునును త్వరగా తినేస్తుంది. కార్బైడు బిట్ ఖరీదైనా అక్కడే గిట్టుబాటవుతుంది. ఎండీఎఫ్‌కు ఈ అతుకు వేయడం దండగ, నార లేని చోట తోకకు బలం ఎక్కడిది?

పాలమూరు నేల మీద చెక్క ఎండకు ముడుచుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. కోత మిల్లు నుంచి తెచ్చిన పచ్చి చెక్కలో కోసిన తోక వేసవికి వదులై గలగలలాడుతుంది. మధ్యన బద్దెలు పెట్టి నీడలో పేర్చి ఆరనిచ్చాకే కోయాలి. సొరుగు నాలుగు చెక్కల నారా చుట్టూ ఒకే దిక్కుకు సాగితే అన్నీ కలిసే ఉబ్బుతాయి, కలిసే తగ్గుతాయి, అతుకు మీద ఒత్తిడి పడదు.

రెండు వైపులా కనిపించే అతుకుకు బిట్‌లు రెండు కావాలి: తోకలకు డవ్‌టెయిల్ బిట్, గాడులకు తిన్నని బిట్. ముందు తోకలు కోసి, వాటికి సరిపోయేలా గాడులను సవరించుకుంటారు. మామూలు జిగ్‌లో తోకలన్నీ ఒకే వెడల్పుగా వస్తాయి, అది చూడగానే తెలిసిపోతుంది. చేతి పనిలో రెండు తోకల మధ్య రంపం పట్టేంత సన్నగా నిలిపే పళ్ల సొగసు యంత్రానికి రాదు. పట్టులో మాత్రం తేడా ఏమీ లేదు.

జిగురు పెట్టకముందు అతుకును సగం వరకే దించి చూడాలి. పూర్తిగా దించి ఊడదీస్తే నారలు నలిగి బిగువు పోతుంది. చేత్తో నొక్కితే సగం, కొయ్యసుత్తితో మెల్లగా తడితే మిగతా సగం దిగాలి. గాడి గోడలకు పలుచగా జిగురు పూసి, అడ్డుచెక్క మీదుగా సుత్తితో తట్టి, మూల నుంచి మూలకు రెండు ఐమూల కొలతలూ సమానమయ్యేదాకా సర్ది, క్లాంపులు వేసి ఆరనివ్వాలి.