చాకు పనికీ చప్పట్లు

బసూన్ అనే ఊదే వాద్యం, పియానో కలిసిన కచేరీలో మెప్పంతా వేళ్లకూ ఊపిరికీ పోతుంది. సగమైనా చాకుకు దక్కాలంటాను. బసూన్‌కు దాదాపు 2.5 మీటర్ల గొట్టమున్నా నాదం పుట్టేది కొసనున్న రెండు రెల్లు రేకుల మధ్యే (మన నాదస్వరంలోనూ అంతే). ఆ రేకులను చాలామంది వాదకులు చాకుతో తామే చెక్కుకుంటారు. స్వరకర్త ఎల్గార్ బసూన్‌కు రాసిన 1910 నాటి ‘రొమాన్స్’ మెత్తని, నిండైన గొంతు అడుగుతుంది. 1921లో మరో స్వరకర్త సాన్-సాన్స్ రాసిన బసూన్ సొనాటా పైస్థాయికి ఎగబాకమంటుంది. పైస్థాయిలో తేలిగ్గా పలికే రేకు మంద్రంలో తరచు మొరాయిస్తుంది. రెండింటికీ ఒకే రేకును ఒప్పించడమే అసలు పనితనం.

బజారులో తయారు రేకులు, ప్లాస్టిక్‌వీ దొరుకుతాయి కదా అనవచ్చు. నిజమే, ప్లాస్టిక్ ఎక్కువకాలం మన్నుతుంది కూడా. కానీ పెదవి పట్టు మనిషి మనిషికీ వేరు. కొన్న రేకునూ మళ్లీ గీకక తప్పదు. పైగా పియానో శ్రుతి కచేరీ మధ్యలో మారదు, రేకుతో సర్దుకోవలసింది బసూనే.