వెంకటేశం ఇంగ్లీషు, అరకు పిల్లల మౌనం

కన్యాశుల్కంలో వెంకమ్మ కొడుకు ఇంగ్లీషు వినాలని ముచ్చటపడే సన్నివేశాన్ని ఇన్నాళ్ళూ నవ్వుకోడానికే వాడుకున్నాం. గిరీశం పిల్లల పాట ముక్కొకటి వదుల్తాడు, వెంకటేశం గుడారంలో తెల్లవాడి గురించి ఏదో అంటాడు, చివరికి రేఖాగణితం కూడా సంభాషణైపోతుంది. తల్లి మురిసిపోతుంది, మనం ఆవిడ్ని చూసి నవ్వుతాం.

నాకు అక్కడ ఇంకో సంగతి కనిపిస్తుంది. పరీక్ష తప్పి వచ్చిన కుర్రాడు ఆ కాసేపూ తడబడడు. ఎందుకని? ఎదుటివాడు తప్పు పట్టడు, వెక్కిరించడు, వెంటనే ఇంకో వాక్యం అందిస్తాడు. గిరీశం దగాకోరే, కాదనను. కానీ ఆ ఒక్క పనీ మంచి మాస్టార్లు కూడా చాలామంది చెయ్యరు. అయితే ఆ ధైర్యంతో వెంకటేశం 'ఆకలేస్తోంది' అన్నపాటి మాటైనా ఇంగ్లీషులో చెప్పగలడని నమ్మకం లేదు.

1892లో తొలిసారి ఆడిన ఆ నాటకం అరకు వైపు హాస్టళ్ళ వార్షికోత్సవాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. మైకు ముందు గలగలా అప్పజెప్పిన పిల్ల, దిగాక పేరు కాక ఇంకేదడిగినా నేలచూపులు చూస్తుంది. కాన్ఫిడెన్స్ లేదంటారు. ఆ పిల్ల ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బళ్ళో తెలుగు మాట్లాడుతుంది. మూడు భాషలు నోట్లో ఉన్న మనిషికి నాలుగోది పలక్కపోతే బెరుకా అది? ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, సవరతో సహా 8 భాషల్లో చిన్న తరగతులకి వాచకాలైతే వచ్చాయి. పై తరగతికెళ్తే ఇంటి భాష మళ్ళీ గుమ్మం బయటే.

గురజాడ స్నేహితుడు గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టరుగా చేరి, ముందు తనే సవర నేర్చుకున్నాడు. పరాయి భాషలో నోరు తిరగని అవస్థ అక్కడ మొదట పడింది పంతులుగారు. సవరలకి వాచకాలూ, బళ్ళూ ఆ తర్వాతే. 1931లో వచ్చిన ఆయన సవర భాషా గ్రంథం ఇంగ్లీషులోనే ఉంది. (ఏటా ఆగస్టు 29న వ్యావహారికం కోసం ఆయన్ని తలుచుకుంటాం గానీ, కొండ సంగతి ఎత్తం.)

స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు ఎయిర్‌పోర్టు దగ్గరా, బ్యాంకు దగ్గరా మొదలవుతాయి. ఆ పిల్లని కాఫీ పళ్ళు ఎప్పుడు కోస్తారో, కోశాక ఏం చేస్తారో అడగండి. ఒడియా, తెలుగు కలిపేసి చెప్పినా ఆగి వినండి. పల్పర్, గ్రేడు, కిలో రేటు అన్న మాటలు ఆ ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి.