బరువు కిందికి దూరే విద్య

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240 కిలోలు. 69 కిలోల విభాగంలో కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో భారతీయ మహిళకు దక్కిన తొలి పతకం అదే. ఆమె కంటే ముందు నిలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. వాళ్ళలో శరీర బరువు తక్కువున్న చైనా అమ్మాయి లిన్ వీనింగ్‌కు స్వర్ణం ఇచ్చారు. చివరి ప్రయత్నానికి మల్లీశ్వరి 137.5 కిలోలు పెట్టించుకుంది, అది నిలవలేదు. అప్పటినుంచీ ఆ రెండున్నర కిలోల తేడా గురించే మాట్లాడుకుంటున్నాం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన పిల్ల కండబలంతో దేశం పేరు నిలబెట్టిందని పొగిడాం. పొగడ్త మంచిదే. కానీ ఆమె చూపించిన దాంట్లో కండ కంటే విద్య ఎక్కువ. ఆ విద్య గురించి మనం చెప్పుకున్నది చాలా తక్కువ.

స్నాచ్ చూసేవాళ్ళకు బార్ నేల మీంచి నేరుగా తల మీదికి పోయినట్టే అనిపిస్తుంది. చేతులే లాగి పైకి నెట్టాయనుకుంటాం. ఒక్క చిన్న లెక్క వేసి చూస్తే ఆ అభిప్రాయం మారిపోతుంది. మంచి లిఫ్టర్ లాగినప్పుడు బార్ అందుకునే గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 1.8 మీటర్లు అనుకుందాం. ఆ వేగంతో వదిలేసిన వస్తువు ఏదైనా, బరువెంతైనా, ఇంకా పైకి వెళ్ళేది పదహారు, పదిహేడు సెంటీమీటర్లే. అంటే జానెడు కూడా కాదు. నడుము దాటిన బార్ ఇంకో జానెడు లోపే లేచి పొట్ట పైభాగం దగ్గరో, ఛాతీ దగ్గరో ఆగిపోతుంది. అక్కడి నుంచి తల మీదికి వెళ్ళడానికి దానికి వేగం మిగలదు. మరి తల మీద ఎలా నిలిచింది? బార్ పైకి వెళ్ళలేదు, తలే కిందికి వచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో నేర్చుకోవలసిందంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంది: సగం దూరం బరువును లేపాలి, మిగతా సగం మనం దాని కిందికి దూరాలి.

మొదట లేపడం సంగతి చూద్దాం. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. అందుకని బార్ ఎప్పుడూ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులోనే మొదలవుతుంది. పొడుగువాళ్ళకైనా పొట్టివాళ్ళకైనా ఆ ఎత్తు మారదు. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా బిగించి, భుజాలు బార్‌కు కాస్త ముందుకు వచ్చేలా కూర్చుంటారు. ఇక్కడ పాటించేది ఒకటే నియమం: బార్ ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. నీళ్ళ బిందెను చంకలో పెట్టుకుని అరమైలు నడిచే మనిషి, అదే బిందెను చేతులు చాపి పట్టుకుని పది అడుగులు వేయలేదు. బిందె బరువు మారలేదు, నడుముకూ దానికీ మధ్య దూరం పెరిగింది, అంతే. నూరు కిలోల బార్ పది సెంటీమీటర్లు ముందుకు జరిగితే నడుము మీద పడే అదనపు తిప్పుడు బలం దాదాపు 98 న్యూటన్ మీటర్లు. పది కిలోల బరువును మీటరు దూరాన చాపి పట్టుకున్నంత భారం అది. ఎత్తే బరువుకు ఒక్క గ్రాము కూడా కలపకుండానే నడుము మీద ఇంత భారం కలుస్తుంది. లిఫ్టర్ల పిక్కల ముందు ఎముక మీద గీరుకుపోయిన మచ్చలు కనిపిస్తాయి. తొడలకు పౌడర్ రాసుకోవడం కూడా చూసే ఉంటారు. అరచేతులకు సుద్ద రాసేది పట్టు జారకూడదని. తొడలకు పౌడర్ రాసేది బార్ జారిపోవాలని. ఒకే మనిషి ఒకే నిమిషంలో ఒక చోట ఘర్షణ పెంచుకుని, ఇంకో చోట తగ్గించుకుంటుంది.

ఇంత దగ్గరగా లాగడం ఒకప్పుడు నిషేధం. పాత నియమాల ప్రకారం లాగేటప్పుడు బార్ తొడలను తాకితే ఆ ఎత్తు చెల్లేది కాదు. 1960ల మధ్యలో ఆ నియమం సడలించారు. దాంతో లాగే పద్ధతే మారింది. బార్ మోకాళ్ళు దాటాక, చాచిన మోకాళ్ళను లిఫ్టర్ మళ్ళీ కొంచెం వంచి బార్ కిందికి తోస్తుంది. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే తప్ప ఇది కంటికి ఆనదు. అలా వంగినప్పుడు తొడ కండరాలు సాగుతాయి. సాగిన కండరం ఆ మరుక్షణమే ముడుచుకుంటే మామూలు కంటే ఎక్కువ బలం ఇస్తుంది. అదీకాక బార్ నడుముకు మరింత దగ్గరికి చేరి, వీపు నిటారు అవుతుంది. అప్పుడు వస్తుంది రెండో లాగుడు. చీలమండలు, మోకాళ్ళు, నడుము మూడూ ఒక్కసారి విచ్చుకుంటాయి. ఇదంతా సెకనులో ఐదోవంతు లోపే. ఆ కాస్త సమయంలో బార్ వేగం సెకనుకు 1.2 మీటర్ల నుంచి 1.8కి పెరగాలనుకోండి, 0.15 సెకన్లలో. 110 కిలోల బార్ మీద ఆ క్షణంలో పెట్టాల్సిన బలం, 155 కిలోలను నిలబెట్టడానికి కావలసినంత. నిదానంగా 155 కిలోలు లేపగల బలశాలి కూడా ఇంత తక్కువ సమయంలో ఆ బలం తేలేకపోతే 110 దగ్గరే ఆగిపోతాడు. అందుకే జిమ్‌లో భారీగా కనిపించే కుర్రాడి కంటే చూడ్డానికి మామూలుగా ఉన్న అమ్మాయి ఎక్కువ ఎత్తగలదు. ఈ రెండో లాగుడు ముగిసేదాకా లిఫ్టర్ చేతులు వంగనే వంగవు. మోచేతులు ముందే వంగితే కాళ్ళు పుట్టించిన బలంలో కొంత ఆ వంపులోనే పోతుంది. కొత్తవాళ్ళను కోచ్‌లు ఎక్కువగా కేకలేసేది దీనికే.

ఇప్పుడు అసలు ఘట్టం. గరిష్ఠ వేగం అందుకున్న బార్‌కు పైకి పోవడానికి మిగిలిన సమయం సెకనులో ఐదోవంతు కూడా లేదు. లిఫ్టర్ అప్పుడు మునివేళ్ళ మీద నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ స్థితి నుంచి పూర్తిగా గొంతుక్కూర్చోవాలి. గురుత్వాకర్షణను నమ్ముకుని ఊరికే కూలబడితే బార్ లేచేంతసేపట్లో తాను దిగేది మళ్ళీ ఆ జానెడు లోపే. అది చాలదు. కాబట్టి ఆమె బార్‌నే పట్టుకుని తనను తాను కిందికి లాక్కుంటుంది. న్యూటన్ మూడో సూత్రం చెప్పేది ఇదే: బార్‌ను ఎంత బలంతో పైకి లాగితే బార్ ఆమెను అంతే బలంతో కిందికి లాగుతుంది. 110 కిలోల బార్, 69 కిలోలకు మించని శరీరం. బలం రెండింటి మీదా సమానమే కాబట్టి తేలికైనదే ఎక్కువగా కదులుతుంది. ఎత్తలేనంత బరువే ఇక్కడ ఆసరా అయింది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఈ క్షణమే. అప్పుడు పాదాలు నేల మీద ఆనవు, శరీరానికి ఆధారం చేతుల్లోని ఇనుమొక్కటే. మరుక్షణం పాదాలు కాస్త ఎడంగా నేలను తాకుతాయి, మోచేతులు బిగుసుకుంటాయి, బార్ తల వెనక భాగం మీదుగా, పాదాల మధ్యకు సరిగ్గా నిట్టనిలువుగా నిలవాలి. శరీరం, బార్ కలిసిన గరిమనాభి పాదాల హద్దు దాటితే ఎంత బలమున్నా ఆగదు.

ఇలా కిందికి దూరడం కోసమే కొన్ని ఏర్పాట్లు. బొటనవేలిని బార్‌కు చుట్టి, దాని మీద మిగతా వేళ్ళు బిగించి పట్టుకుంటారు. మొదట్లో బొటనవేలు కమిలిపోతుంది, కొన్ని నెలలకు అలవాటవుతుంది. బార్ వేళ్ళలోంచి దొర్లిపోకుండా ఆపేది ఆ పట్టే. బూట్ల మడమ ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. చీలమండ తక్కువ వంగినా మోకాళ్ళు ముందుకు పోయి వీపు నిటారుగా నిలవడానికి అది. బార్ చివర్ల ప్లేట్లు తగిలించే గొట్టాలు బార్‌తో సంబంధం లేకుండా వాటంతట అవే తిరగాలి. మణికట్టు తిప్పిన క్షణంలో ప్లేట్లు కూడా తిరగాల్సి వస్తే ఆ జడత్వమంతా మణికట్టు మీదే పడుతుంది.

క్లీన్ అండ్ జర్క్‌లోనూ భుజాల మీదికి తెచ్చుకునేది ఇదే పద్ధతిలో. అక్కడి నుంచి తల మీదికి తోసే జర్క్‌లో కొత్తగా చేరేది బార్ వంగడం. లిఫ్టర్ మోకాళ్ళు కొద్దిగా వంచి ఒక్కసారి ఆగినప్పుడు, చివర్ల బరువుకు బార్ కిందికి వంగి మళ్ళీ పైకి ఎగురుతుంది. ఆ ఎగురుతో తన తోపు కలిసేలా సమయం చూసుకోవాలి. ముందే తోస్తే బార్ ఎదురుతిరుగుతుంది, ఆలస్యమైతే ఊపు పోతుంది. తర్వాత ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ వేసి మళ్ళీ కిందికే దూరుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో నయీం సులేమానోగ్లు ఇలా నిలబెట్టింది 190 కిలోలు, తన బరువుకు మూడు రెట్లు దాటి. చేతుల బలంతో అది సాధ్యమయ్యే పని కాదు. చేతుల బలాన్నే పరీక్షించే ప్రెస్ అనే మూడో అంశాన్ని 1972 మ్యూనిక్ తర్వాత తీసేశారు. లిఫ్టర్లు వెనక్కి విపరీతంగా వంగి ఛాతీతో తోస్తుంటే తప్పొప్పులు తేల్చడం న్యాయనిర్ణేతల వల్ల కాలేదు.

ఉత్తరాంధ్రలో బరువెత్తడం నిన్నా మొన్నా వచ్చింది కాదు. సాము గరిడీలు, సంగిడి రాళ్ళు పల్లెల్లో ఉండేవి. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గాలి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచేవాడు. ఆ ఊపిరి బిగింపు నేటి లిఫ్టర్‌కూ ప్రాణమే. గుండెల నిండా గాలి పీల్చి, బెల్టు మీదికి పొట్ట బిగిస్తే లోపల పెరిగిన ఒత్తిడి వెన్నెముకకు ముందు వైపు నుంచి ఆసరా ఇస్తుంది. ఆ నేల మీంచే మల్లీశ్వరి వచ్చింది, విజయనగరం జిల్లా కొండవెలగాడ లిఫ్టర్లు వచ్చారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఉత్తరాంధ్రకు బయట, బాపట్ల దగ్గర స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలతో స్వర్ణం గెలిచాడు. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థులని ముద్రవేసిన జనాన్ని తెచ్చి పెట్టిన ఊరు అది. ఈ ఊళ్ళ పిల్లల గురించి రాసేటప్పుడు పేదరికం, పట్టుదల అనే రెండు మాటల దగ్గరే ఆగిపోవడం వాళ్ళకు అన్యాయం. సెకనులో ఐదోవంతును పట్టుకోవడం నేర్చుకున్న నిపుణులు వాళ్ళు. వీణ వాయించేవారి వేళ్ళను ఎంత శ్రద్ధగా చూస్తామో వీళ్ళ పాదాలను అంత శ్రద్ధగా చూడాలి.

లోపం ఎక్కడుందో కూడా ఈ శాస్త్రమే చెబుతుంది. మామూలుగా లిఫ్టర్ స్నాచ్ బరువు ఆమె క్లీన్ అండ్ జర్క్ బరువులో నూటికి ఎనభై వంతులు ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచినప్పుడు మీరాబాయి చాను ఎత్తింది స్నాచ్‌లో 87, క్లీన్ అండ్ జర్క్‌లో 115 కిలోలు. నూటికి డెబ్బై ఆరు వంతులు కూడా కాలేదు. కాళ్ళకు కావలసినంత బలముంది, బార్ లేస్తోంది. కానీ చేతులు ఎడంగా చాచి బార్‌ను తల వెనక నిలబెట్టే భుజం సహకరించలేదు. ఆ భుజం కోసమే ఆమె అమెరికా వెళ్ళి ప్రత్యేకంగా శిక్షణ తీసుకుంది.

పల్లెల్లోని శిక్షణ షెడ్లలో మొదట పిల్లల చేతికి కర్ర ఇస్తారు, ఆ తర్వాతే బార్. అమ్మాయిల బార్ ఒక్కటే 15 కిలోలు. కర్రతో వందలసార్లు కూర్చుని లేచాక గానీ ప్లేట్లు ఎక్కించరు. ఆ క్రమం సరైనదే. ఇబ్బందల్లా తర్వాత. సిమెంటు నేల, ఇనుప ప్లేట్లు, తుప్పుపట్టి తిరగని గొట్టాలు ఉన్నచోట బరువు వదిలేయడానికి పిల్లలు భయపడతారు. ప్లేట్ పగిలితే మళ్ళీ కొనేవాళ్ళు లేరని వాళ్ళకు తెలుసు. బార్ నిలవదని తెలిసిన క్షణంలో దాన్ని ముందుకో వెనక్కో వదిలేసి తప్పుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. వదిలే ధైర్యం లేని పిల్ల కిందికి దూరే వేగంలో ఎంతో కొంత దాచుకుంటుంది. సెకనులో పదోవంతు సందేహించినా చాలు, లేచిన బార్ అప్పటికే దిగడం మొదలుపెడుతుంది. చెక్క వేదిక, రబ్బరు ప్లేట్లు, తిరిగే బార్ ఇవ్వడాన్ని వసతుల ఖాతాలో రాసి వాయిదా వేస్తుంటారు. అవి లేనిచోట కోచ్ ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క పాఠం నేర్పలేడు.