పట్టీ మీది పేరు

మొన్న ఆదివారం టీవీలో పాత వస్తువుల వేలం చూపించారు. ఒక పెద్దమనిషి జోడు గొట్టాల తుపాకీని బల్ల మీద పెట్టి, గొట్టాల నడుమ పట్టీ మీద చెక్కిన పేరు చదివి, "అసలు సిసలు లండన్ తయారీ" అని తేల్చేశాడు. గొట్టాలు ఊడదీయలేదు, తిరగేసి చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది. బోర్డు చదివి సరుకు మెచ్చుకునేవాళ్లతో నాకున్న పాత పేచీ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు.

బ్రిటిష్ తుపాకీ తన పుట్టుక గురించి చెప్పాల్సింది కడుపు కింద దాచుకుంటుంది. అక్కడ ఏ గొట్టమైనా అమ్మకానికి పోయేముందు ప్రూఫ్ హౌస్‌లో మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర కొడతారు. లండన్‌లో ఈ పని చేసే తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లో రాజశాసనం దొరికింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటి చట్టంతో వచ్చింది. పైన లండన్ షాపు పేరు, కింద బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న తుపాకులు కోకొల్లలు. పోనీ ముద్రే సాక్ష్యం అనుకుందామా అంటే, పరువు కోసం తమ గొట్టాలను లండన్‌కు పంపి ముద్ర కొట్టించుకున్న బర్మింగ్‌హామ్ వాళ్లూ ఉన్నారు.

మా మామయ్యకొక జోడు తుపాకీ ఉండేది. సుత్తులు బయటికే కనిపించే పాత రకం. అడవిపందులు చేలో పడ్డప్పుడు తప్ప గోడ దిగేది కాదు. పట్టీ మీద "పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్" అని ఉండేది. మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపడ్డ కంపెనీ అది. గడియారాలవాళ్లు తుపాకీ చేయడమేమిటని ఇంట్లో ఎప్పుడూ ఒక అనుమానం. మామయ్య పోయాక లైసెన్సు బావ పేరు మీదికి మారింది. ఒక సుత్తి సరిగా నిలవడం లేదని బావ దాన్ని హైదరాబాద్‌లో రిపేరుకు తీసుకెళ్తుంటే నేనూ వెంటబడ్డాను.

ఉస్తాద్ ముందుగా కింది చెక్కను చిటుక్కున ఊడదీశాడు. బొటనవేలితో పైమీటను పక్కకు నెట్టగానే గొట్టాలు విడివడి చేతిలోకొచ్చాయి. కిరసనాయిలు గుడ్డతో అడుగు చదును తుడిచేసరికి జిడ్డు కిందనుంచి కిరీటం, అడ్డంగా దాటుకున్న రెండు రాజదండాలు తేలాయి. "బర్మింగ్‌హామ్ మాల్ సాబ్" అన్నాడు, కళ్లద్దాలైనా సర్దుకోకుండా. పక్కనే వజ్రం ఆకారంలో 12, దాని కింద సి అక్షరం. ఆ వజ్రం ముద్ర 1887 నుంచి వాడుకలోకొచ్చింది. బర్మింగ్‌హామ్ ముద్రలు 1904లో మారాయి, ఆ కొత్తవి దీని మీద లేవు. కాబట్టి ఈ రెండేళ్ల మధ్యలో ఎప్పుడో ఇది ప్రూఫ్ హౌస్ గడప దాటింది.

తర్వాత పక్క పలకల మరలు విప్పాడు. ఏ మర ఏ రంధ్రంలోదో తారుమారు కాకుండా అట్టముక్కకు గుచ్చిపెట్టాడు. పలక లోపలివైపు స్టాంటన్ అనే పేరు. వాళ్లు వుల్వర్‌హాంప్టన్‌లో లాకులు చేసి ఊరంతటికీ అమ్మేవాళ్లు. పేల్చాక సుత్తిని తనంతట తానే కాస్త వెనక్కి నిలిపే లాకుకు 1867లో పేటెంటు పుచ్చుకున్నారు. గొట్టాల అడుగున ఎవరివో పొడి అక్షరాలు, గొట్టాలు చేసినవాడివి కాబోలు. లోపల గొట్టాలను పట్టి ఉంచే బోల్టు 1863లో పర్డీ పేటెంటు చేసిన పద్ధతి. దాన్ని పైమీటతో కలిపే ఇరుసు 1865 నాటి స్కాట్ పేటెంటు. రుసుము కట్టినవాళ్లందరూ ఇవి వాడుకున్నారు. పర్డీ బోల్టు ఉన్నంత మాత్రాన పర్డీ తుపాకీ అయిపోదు.

"ఇంతకీ చేసిందెవరు? వెబ్లీయా, స్కాటా?" బావకు అక్కడ ఒక పేరు దొరికితీరాలి. దొరికితే మద్రాసు పేరు కొట్టేయించి లైసెన్సు పుస్తకంలో దాన్ని రాయిద్దామని ఉబలాటం. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో తుపాకీ అప్పగించి తెచ్చుకునే రసీదులోనూ గడియారాల పేరే ఉండటం అతనికి నామోషీ.

నిజానికి ఆ పేరు వెతకాల్సింది నేను. చీర పెట్టె మీద షాపు పేరే తప్ప నేసినవాడి పేరు ఉండదేమని ఈ కాలమ్‌లోనే గోలపెట్టినవాణ్ణి. కానీ బర్మింగ్‌హామ్ సంగతి తెలిసినకొద్దీ ఆ వెతుకులాట మీద మోజు తగ్గింది. సెయింట్ మేరీ చర్చి చుట్టుపక్కల లవ్‌డే వీధి, ప్రైస్ వీధి, అన్నీ చిన్న చిన్న కొట్లు. గొట్టం అతికేవాడు ఒకడు, లోపల తొలిచేవాడు ఒకడు, లాకు ఆకురాయి పట్టేవాడు, కర్ర అమర్చేవాడు, నగిషీ చెక్కేవాడు, గొట్టాలకు గోధుమరంగు పట్టించేవాడు. సగం తయారైన తుపాకులను కుర్రాళ్లు కొట్టు నుంచి కొట్టుకు మోసేవాళ్లు. ఒకే చెయ్యి పలు కంపెనీలకు పనిచేసేది. స్కాట్ కంపెనీ చేసిన తుపాకులు హాలండ్ అండ్ హాలండ్ పేరుతోనూ అమ్ముడయ్యాయి. వెబ్లీ, స్కాట్ రెండూ 1897లో ఒకటయ్యాయి. మద్రాసు పేరు గీకి వెబ్లీ పేరు రాస్తే ఒక బోర్డు తీసి ఇంకో బోర్డు తగిలించినట్టే.

నేనైతే పట్టీ మీది పేరుకే ఓటేస్తాను. ఎలాంటి తుపాకీ కావాలో ఆర్డరిచ్చింది ఆ పేరుగలవాడు. వచ్చిన సరుకు నచ్చకపోతే తిప్పి పంపగలవాడూ అతనే. తుపాకీ మొరాయిస్తే కొన్నవాడు వెళ్లి నిలదీసేది మౌంట్ రోడ్డులోనే గానీ ప్రైస్ వీధిలో కాదు. లియేజ్‌లో చవగ్గా చేసి, వెస్ట్లీ రిచర్డ్స్ అని భ్రమపడేలా ఏదో ఒక రిచర్డ్స్ పేరు చెక్కి అమ్మిన బెల్జియం తుపాకుల సంగతి వేరు. అక్కడ పేరుకు బాధ్యుడే లేడు. టీవీ పెద్దమనిషి మీద నా ఫిర్యాదు కూడా పేరు చదివినందుకు కాదు, దాన్నిబట్టి ఊరు తేల్చినందుకు.

లైసెన్సులో ఉన్నదే ఉండనీ అన్నాను బావతో. ఉస్తాద్ అవేవీ పట్టించుకోకుండా, తూటా గది రెండున్నర అంగుళాలేనని కొలిచి చూపించి, ఈనాటి రెండుముప్పావు తూటాలు ఇందులో పెట్టొద్దని రెండుసార్లు చెప్పాడు.

తిరుగుదారిలో బావ పట్టుకున్నాడు. "అయితే చీర పెట్టె మీద షాపు పేరూ సబబేగా?"

చీర వేరు, ఒక మగ్గం మీద ఒక ఇంటివాళ్లు నేస్తారు, పేరు వేయాలంటే మనిషి కనబడుతున్నాడు అన్నాను.

"నూలు వడికిందెవరు? రంగు అద్దిందెవరు? పడుగు పోసిందెవరు?"