తెర కనబడనప్పుడు పనిచేసే కీలు

ల్యాప్‌టాప్ కీబోర్డు పై వరుసలో, ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు ఉన్న కీల మీద చిన్న చిన్న బొమ్మలుంటాయి. సూర్యుడి బొమ్మ తెర వెలుతురు పెంచడానికి, తగ్గించడానికి. నెలవంక బొమ్మ యంత్రాన్ని నిద్రపుచ్చడానికి. పక్కపక్కనే రెండు తెరల బొమ్మ ప్రొజెక్టర్‌కో, టీవీకో, మరో మానిటర్‌కో చిత్రాన్ని పంపడానికి. ఇవి రోజూ కళ్ల ముందే ఉన్నా చాలామంది వేళ్లు వాటి మీదికి వెళ్లవు. మౌస్ ఉండగా వీటితో పనేమిటని అడిగేవారే ఎక్కువ. మౌస్‌తో పని జరగాలంటే తెర మీద బాణం గుర్తు కనబడాలి. తెర నల్లబడిపోయినా, చిత్రం మరో చోటికి వెళ్లిపోయినా చేతిలో మిగిలేది కీబోర్డు ఒక్కటే. రెండో తెర కలిపే పనిలోనూ, బ్యాటరీ ఆదా చేసే పనిలోనూ ఇలాంటి ఘడియలు తరచుగా వస్తాయి. అందుకే ఈ రెండింటికీ షార్ట్‌కట్‌లు తెలిసి ఉండటం అవసరం. సౌకర్యం ఆ తర్వాతి సంగతి.

ముందు ఎఫ్ఎన్ కీ గురించి. ఎడమవైపు అడుగున, కంట్రోల్ కీ పక్కన ఉండే ఈ కీ మిగతావాటి లాంటిది కాదు. అక్షరం నొక్కితే ఆ కబురు విండోస్‌కు చేరుతుంది. ఎఫ్ఎన్ నొక్కిన సంగతి మాత్రం చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కు తెలియనే తెలియదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. కీబోర్డు, చార్జింగ్, ఫ్యాన్ వేగం వంటివి చూసుకునేది అదే. ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కిన కీని అదే చదివి, ఏం చేయాలో తేలుస్తుంది. ఆ చిప్‌కు ఏం నేర్పాలన్నది తయారీదారు ఇష్టం. అందుకే రెండో తెర కీ థింక్‌ప్యాడ్‌లలో చాలాకాలం ఎఫ్7 మీద, డెల్ మోడళ్లు చాలావాటిలో ఎఫ్8 మీద, తోషిబాలో ఎఫ్5 మీద, హెచ్‌పీలో ఎఫ్4 మీద ఉండేది. ఒకదానికి అలవాటుపడ్డ వేలు ఇంకోదాని మీద తడబడేది. ఇప్పటి మోడళ్లలో మరో చిక్కు ఉంది. కొన్నింటిలో ఎఫ్ఎన్ పట్టుకోకుండానే బొమ్మ పని జరుగుతుంది, కొన్నింటిలో పట్టుకోవాలి. చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఈ పద్ధతి తారుమారవుతుంది. ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే అది అందుకే.

అసలు తెర మార్చడానికి ఒక కీ ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే పాత కేబుళ్ల దగ్గరికి వెళ్లాలి. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏను తెచ్చింది. 15 పిన్నుల ఆ సాకెట్ కాలేజీ ప్రొజెక్టర్ల వెనక నేటికీ కనిపిస్తుంది. తెర కలిపారనో, ఊడదీశారనో వెంటనే చెప్పడానికి అందులో ప్రత్యేకమైన తీగ లేదు. కేబుల్ బిగించినంత మాత్రాన కంప్యూటర్‌కు తెలిసేది కాదు. మనిషే కీ నొక్కి చెప్పాలి. 1994లో వెసా అనే ప్రమాణాల సంస్థ ఈడీఐడీ అనే పద్ధతిని తెచ్చింది. తన తయారీదారు ఎవరో, ఏ రిజల్యూషన్లు చూపగలదో తెర తానే 128 బైట్లలో కంప్యూటర్‌కు చెప్పుకునే పద్ధతి అది. 2002 చివర వచ్చిన హెచ్‌డీఎంఐలో 19వ పిన్ను తెర కలిసిందన్న కబురు చేరవేస్తుంది. దాంతో కలిసిన సంగతి కంప్యూటర్‌కు దానంతటదే తెలుస్తోంది. రెండు తెరల మీద ఏం చూపాలన్నది మాత్రం ఇప్పటికీ మనిషి చెప్పాల్సిందే.

2009లో విండోస్ 7తో వచ్చిన విండోస్+పి ఈ చెప్పే పనిని అన్ని కంపెనీల యంత్రాలకూ ఒక్కటి చేసింది. విండోస్ గుర్తున్న కీ పట్టుకుని పి నొక్కితే నాలుగు ఎంపికలు కనిపిస్తాయి. విండోస్ కీ వదలకుండా పి మళ్లీ మళ్లీ నొక్కినా, బాణం కీలు వాడినా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లవచ్చు; ఎంటర్ నొక్కితే ఖాయం. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో రెండు తెరల బొమ్మ ఉన్న కీ నొక్కినా లోపల జరిగేది విండోస్+పి నొక్కినట్టే. ఒక్క షార్ట్‌కట్ మాత్రమే గుర్తుపెట్టుకునే ఓపిక ఉన్నవారు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఏ ఊళ్లో ఏ కంపెనీ ల్యాప్‌టాప్ చేతికిచ్చినా, అందులో విండోస్ ఉంటే ఇది పనిచేస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడే లినక్స్ యంత్రాల్లోనూ ఇదే జంట నడుస్తుంది. మ్యాక్‌బుక్‌లో కమాండ్ పట్టుకుని వెలుతురు తగ్గించే కీ నొక్కితే రెండు తెరల మీద ఒకే చిత్రం రావడం, మానడం జరుగుతుంది.

నాలుగు ఎంపికల్లో మొదటిది ల్యాప్‌టాప్ తెర మాత్రమే, చివరిది బయటి తెర మాత్రమే. ఈ రెండింటికీ వివరణ అక్కర్లేదు. నడుమనున్న డూప్లికేట్, ఎక్స్‌టెండ్ అన్న రెండింటి తేడా తెలియకనే తరగతి గదుల్లో, సమావేశాల్లో ఇబ్బందులన్నీ.

డూప్లికేట్‌లో ల్యాప్‌టాప్ మీద ఉన్నదే పెద్ద తెర మీదా ఉంటుంది. చెప్పేవారు జనం వైపు తిరిగి మాట్లాడవచ్చు, వెనక్కి చూసుకోనక్కర్లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, రెండు తెరలూ చూపగలిగే రిజల్యూషన్‌కే రెండూ సర్దుకోవాలి. ల్యాప్‌టాప్ తెర 1920×1080, పాత ప్రొజెక్టర్ 1024×768 అయితే చిన్నదాని కొలతకు పెద్దది దిగివస్తుంది. అక్షరాలు మసకబారడం, పక్కల నల్ల పట్టీలు రావడం అందుకే. దానికి ప్రొజెక్టర్‌ను తిట్టుకోవాల్సిన పని లేదు. రెండోది ఇంకా ముఖ్యం: ల్యాప్‌టాప్ మీద ఏది కనిపించినా అందరికీ కనిపిస్తుంది. వచ్చిన మెయిలు, వాట్సాప్ కబురు, తెరిచి ఉన్న మార్కుల జాబితా, బ్యాంకు పేజీ అన్నీ గోడ మీదే. విద్యార్థుల మార్కులు ఇలా బయటపడటం చిన్న పొరపాటు కాదు.

ఎక్స్‌టెండ్‌లో రెండు తెరలూ కలిసి ఒకే పెద్ద బల్ల అవుతాయి. ఒక భాగం జనానికి, ఒక భాగం చెప్పేవారికి. పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ అసలు ప్రయోజనం తెలిసేది ఇందులోనే. పెద్ద తెర మీద స్లైడు మాత్రమే ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద రాసుకున్న నోట్సు, తర్వాతి స్లైడు, గడిచిన సమయం కనిపిస్తాయి. అప్పచెప్పినట్టు స్లైడు చదివే ఉపన్యాసం నుంచి శ్రోతలను కాపాడే అమరిక ఇది. పాఠం చెప్పేవారు అలవాటు చేసుకోవాల్సింది డూప్లికేట్‌ను కాదు, ఎక్స్‌టెండ్‌నే. తెర మీది బొమ్మ నుంచి దృష్టిని మాటల వైపు మళ్లించాలంటే స్లైడ్ షో నడుస్తుండగా బి నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడు తిరిగి వస్తుంది. ఎఫ్5 మొదటి స్లైడు నుంచి మొదలుపెడుతుంది. షిఫ్ట్+ఎఫ్5 ఉన్న స్లైడు నుంచి.

ఎక్స్‌టెండ్‌తో వచ్చే పెద్ద తంటా విండోలు కనబడకుండా పోవడం. తెరిచిన ఫైలు రెండో తెర మీదికి వెళ్లి కూర్చుంటుంది, ల్యాప్‌టాప్ ముందున్నవారు ఇక్కడ వెతుకుతుంటారు. విండోస్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే ఎదురుగా నడుస్తున్న విండో ఒక తెర నుంచి మరో తెరకు దూకుతుంది. కేబుల్ తీసేశాక కూడా ఏదైనా విండో కనబడని చోటే చిక్కుకుపోతే పాత ఉపాయం ఒకటుంది: ఆల్ట్+ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని, ఆల్ట్+స్పేస్, తర్వాత ఎం, ఆపై ఏదైనా బాణం కీ నొక్కి, మౌస్ కదిపితే ఆ విండో మౌస్ వెంట తెర మీదికి వస్తుంది.

తెర మొత్తం నల్లగా ఉండి యంత్రం మాత్రం నడుస్తుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కాలి. విండోస్ 10, 11లలో ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. తెర ఒక్క క్షణం మిణుకుమంటుంది. తెరిచిన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. పవర్ బటన్ నొక్కిపట్టి యంత్రాన్ని చంపేసేముందు ఇది ప్రయత్నించాలి, లేకపోతే భద్రం చేయని పని పోతుంది. చిత్రం వచ్చి శబ్దం రాకపోతే, హెచ్‌డీఎంఐ కలపగానే శబ్దం కూడా ఆ తీగ వెంటే వెళ్లిందని గ్రహించాలి. విండోస్ 11లో విండోస్+కంట్రోల్+వి నొక్కితే శబ్దం ఎటు పోవాలో ఎంచుకునే పట్టిక వస్తుంది. తీగ లేకుండా టీవీకి పంపడానికి విండోస్+కె. ఏ కీకీ లొంగని ఇబ్బంది ఒకటుంది. చూడటానికి ఒకేలా ఉండే యూఎస్‌బీ-సీ పోర్టుల్లో కొన్నింటికి చిత్రం పంపే ఏర్పాటే ఉండదు. అప్పుడు మార్చాల్సింది పోర్టును, షార్ట్‌కట్‌ను కాదు.

ఇక కరెంటు ఆదా. మామూలు రాతపనిలో ల్యాప్‌టాప్ బ్యాటరీని బాగా తాగేవాటిలో ముందుండేది తెర వెనక వెలుగు. అందువల్ల సూర్యుడి బొమ్మ కీ అన్నిటికంటే సులువైన ఆదా. గదిలో దీపాలు తీసి ప్రొజెక్టర్ నడిపేటప్పుడు ల్యాప్‌టాప్ తెరకు నిండు వెలుగు దండగ, కంటికీ శ్రమే. స్క్రీన్‌సేవర్ వల్ల ఆదా ఏమీ లేదు. గాజుగొట్టపు మానిటర్ల కాలంలో ఒకే బొమ్మ తెర మీద మచ్చగా ముద్రపడకుండా వచ్చిన ఏర్పాటు అది. ఎల్‌సీడీలో చేపలు ఈదుతున్నా వెనక వెలుగు వెలుగుతూనే ఉంటుంది.

స్లీప్‌కూ హైబర్నేట్‌కూ తేడా తెలియకపోతే ఆదా సగమే. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణం వీటికి ఎస్3, ఎస్4 అని పేర్లు పెట్టింది. ఎస్3 అంటే స్లీప్. ప్రాసెసర్, తెర, డిస్కు ఆగిపోతాయి; ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది. క్షణాల్లో లేస్తుంది కానీ బ్యాటరీ పూర్తిగా అయిపోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది. ఎస్4 అంటే హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి యంత్రం ఆరిపోతుంది. లేవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. రెండు రోజులు బ్యాగులో ఉన్నా పని చెక్కుచెదరదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత ఎస్3 లేదు. ఫోనులా అరనిద్రలో ఉంటూ నెట్‌వర్క్‌ను అప్పుడప్పుడు పలకరించే మోడర్న్ స్టాండ్‌బై ఉంది. మూత వేసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ తీసేసరికి వేడిగా ఉండటానికి, బ్యాటరీ తరిగిపోవడానికి తరచుగా కారణం ఇదే. ప్రయాణానికి హైబర్నేట్ మేలు. ఇంగ్లిష్ మెనూ ఉన్న విండోస్‌లో విండోస్+ఎక్స్, తర్వాత యు, తర్వాత ఎస్ నొక్కితే స్లీప్. చివర ఎస్ బదులు హెచ్ నొక్కితే హైబర్నేట్. మెనూలో హైబర్నేట్ కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ముందుగా చేర్చుకోవాలి.

రెండో తెర, ఆదా రెండూ ఒకదానికొకటి అడ్డుపడే చోట్లూ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఆ కార్డుకే కలిపి ఉంటుంది. బయటి తెర తగిలించి ఉన్నంతసేపూ ఆ కార్డు నిద్రపోలేదు. బ్యాటరీ మీద నడుస్తుంటే చార్జి వేగంగా దిగుతుంది. ప్రసంగం అయిపోగానే కేబుల్ తీసేయడం కూడా ఆదాయే. ఇంట్లో పెద్ద మానిటర్ మీద పనిచేసేవారు బయటి తెర మాత్రమే అన్న నాలుగో ఎంపిక వాడితే ల్యాప్‌టాప్ తెర ఆరి, దాని కరెంటు మిగులుతుంది. మూత వేసి పనిచేయాలంటే, మూత వేస్తే ఏమీ చేయవద్దని పవర్ ఆప్షన్స్‌లో ముందే చెప్పుకోవాలి. ఆ ల్యాప్‌టాప్‌ను అలాగే బ్యాగులో పెట్టకూడదు. నడుస్తున్న యంత్రానికి గాలి ఆడదు.

పాఠం మధ్యలో కరెంటు పోతే ప్రొజెక్టర్ ఆరిపోతుంది, బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది. అప్పుడు విండోస్+పితో ల్యాప్‌టాప్ తెర మాత్రమే ఎంచుకుని, వెలుతురు తగ్గించి, కాసేపటికి కరెంటు రాదనిపిస్తే స్లీప్‌లో పెట్టాలి. కరెంటు వచ్చాక పాత అమరిక దానంతటదే తిరిగి రావచ్చు. రాకపోతే మళ్లీ విండోస్+పి.

ఇవన్నీ ఒక్కరోజులో వేళ్లకు రావు. ఈ ఆదివారం ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, విండోస్+పిలోని నాలుగు ఎంపికలూ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. ఒక విండోను విండోస్, షిఫ్ట్, బాణాలతో ఆ తెరకు పంపి మళ్లీ వెనక్కి రప్పించండి. పట్టేది పది నిమిషాలు.