నిరాకరణ – నటన: సిసిలీ టైసన్ పాత్రల పరిశీలన

ఒక నటి ప్రతిభను అంచనా వేయడానికి ఆమె ధరించిన పాత్రలే ఆధారం. అమెరికన్ నటి సిసిలీ టైసన్ (1924–2021) విషయంలో ఆమె కాదన్న పాత్రలనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. నల్లజాతి స్త్రీని కించపరిచే పాత్ర ఎంత పారితోషికం తెచ్చినా చేయకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఈ నియమాన్ని వ్యక్తిగత శీలంగా మెచ్చుకుని వదిలేయడం సులభం. దాని ప్రభావం ఆమె నటనాశైలిపై ఎలా పడిందో, ఆ నియమానికి ఆమె చెల్లించిన మూల్యమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

టైసన్ న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెరిగింది. తల్లిదండ్రులు కరీబియన్ దీవి నెవిస్ నుండి వలస వచ్చినవారు. 1961లో జాఁ జెనే నాటకం ‘ది బ్లాక్స్’ న్యూయార్క్ ప్రదర్శనలో నటించింది. 1963–64లో ‘ఈస్ట్ సైడ్/వెస్ట్ సైడ్’ అనే టెలివిజన్ ధారావాహికలో, సాంఘిక సంక్షేమ కార్యాలయంలో పనిచేసే ఉద్యోగినిగా కనిపించింది. జుట్టును సాపు చేయించుకోకుండా, పొట్టిగా, సహజమైన ఉంగరాలతోనే తెరమీదికి వచ్చింది. మన లాక్షణికులు ఆహార్యాన్ని చతుర్విధాభినయాలలో ఒకటిగా చెప్పారు. ఇక్కడ ఆహార్యం పాత్రకు అలంకారం కాదు, వాదం. ఒక్క సంభాషణ కూడా లేకుండా ఆ తల కోట్ల ఇళ్లలోకి ఒక ప్రకటనను చేరవేసింది.

1972 నాటి ‘సౌండర్’ (దర్శకుడు మార్టిన్ రిట్) ఆమెకు ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ తెచ్చింది. అప్పటికి ‘షాఫ్ట్’, ‘సూపర్ ఫ్లై’ వంటి నేరకథా చిత్రాలు నల్లజాతి ప్రేక్షకుల మార్కెట్‌ను ఆక్రమించాయి. ‘సౌండర్’ ఆ గాలికి ఎదురు నడిచింది. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ మూలనవలలో కుక్కకు పేరుంది, దాన్ని పెంచిన కుటుంబానికి లేదు. తల్లి ‘తల్లి’ మాత్రమే. లోనీ ఎల్డర్ చిత్రానువాదంలో ఆమె రెబెకా అయింది. పేరు రావడంతోనే పాత్ర రాదు. మాంసం దొంగిలించి శిక్షపడ్డ భర్త కుంటుకుంటూ తిరిగి వస్తుంటే, దూరాన గుర్తుపట్టి రెబెకా దారివెంట పరుగెత్తే దృశ్యంలో ఆ పేరుకు ప్రాణం వస్తుంది. అంతవరకు పొదుపుగా దాచుకున్న సాత్త్వికాభినయమంతా ఆ పరుగులో ఒక్కసారిగా బయటపడుతుంది. చిత్రమంతటా ఆమె ఏడ్చి ఉంటే ఈ పరుగుకు బలం ఉండేది కాదు.

1974లో సీబీఎస్ ప్రసారం చేసిన ‘ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్’ మరింత చిక్కైన ఉదాహరణ. యౌవనం నుండి నూట పదేళ్ల వార్ధక్యం దాకా సాగిన ఈ పాత్రకు ఆమె రెండు ఎమ్మీలు అందుకుంది. స్టాన్ విన్‌స్టన్, రిక్ బేకర్ రూపసజ్జ ముఖాన్ని దాదాపు కప్పివేయగా, కళ్లు, గొంతు, నడక మాత్రమే ఆమె చేతిలో మిగిలాయి. అవి చాలాయి. చిత్రాంతంలో వృద్ధురాలు జేన్ చేతికర్ర ఊతంతో, పోలీసులు చూస్తుండగా, తెల్లవారికి ప్రత్యేకించిన నీటికుళాయి వద్దకు ఒంటరిగా నడిచి నీళ్లు తాగుతుంది. ఈ నడక ఎర్నెస్ట్ గెయిన్స్ నవలలో లేదు. అక్కడ ఉద్యమకారుడు జిమ్మీ హత్యానంతరం భూస్వామిని దాటుకుని జేన్ ముందుకు సాగడంతో కథ ముగుస్తుంది, ఆమెతో జనం కూడా కదులుతారు. నవలలో కథను సేకరించేవాడు నల్లజాతి చరిత్ర ఉపాధ్యాయుడు, చిత్రంలో తెల్లజాతి పాత్రికేయుడు. ఈ రెండు మార్పులూ సామూహిక పోరాటాన్ని ఒక వృద్ధురాలి ధైర్యంగా కుదించి, తెల్లవాడి సాక్ష్యంతో దానికి ఆమోదముద్ర వేశాయని నా అభిప్రాయం. టైసన్ నటన గొప్పదనమే ఈ కుదింపును కనపడనీయలేదు. కంటతడి పెట్టించే దృశ్యాన్ని ప్రశ్నించడం విమర్శకుడికి కష్టం.

‘రూట్స్’ (1977)లో ఆమె కుంటా కింటే తల్లి బింటా. అలెక్స్ హేలీ గ్రంథాన్ని సహవాసి ‘ఏడు తరాలు’గా అనువదించినందున ఈ పాత్ర తెలుగు పాఠకులకు పరిచితమే. తరువాత హారియట్ టబ్‌మన్, కొరెటా స్కాట్ కింగ్, ఉపాధ్యాయురాలు మార్వా కాలిన్స్. వరుస చూస్తే మూల్యమేమిటో తెలుస్తుంది. ఉదాత్తత ఆమె పాత్రలకు హద్దుగా మారింది. తప్పు చేసే స్త్రీ, హాస్యం పండించే స్త్రీ, కోరికతో రగిలే స్త్రీ ఆమెకు ఎంత అరుదుగా దక్కారో! నిందకు జవాబుగా నిలబెట్టిన ప్రతిమకు కూడా కదలడానికి చోటు తక్కువే. ఈ దోషం నటిది కాదు. తెల్లజాతి నటీమణులు దుష్టపాత్ర ధరిస్తే జాతికి మచ్చ అంటదు.

2013లో, 88 ఏళ్ల వయసులో, ‘ది ట్రిప్ టు బౌంటిఫుల్’ నాటకానికి టోనీ వచ్చింది. 2018లో గౌరవ ఆస్కార్. అయితే ఆమె చివరి దశను అర్థం చేసుకోవడానికి ఈ పురస్కారాల కన్నా, 2015లో ‘హౌ టు గెట్ అవే విత్ మర్డర్’ ధారావాహికలోని ఒక దృశ్యం ఎక్కువ ఉపయోగపడుతుంది. తొంభై ఏళ్ల టైసన్ తల్లి ఒఫీలియాగా, కూతురు ఆనలీస్ (వయోలా డేవిస్)ను కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వుతుంటుంది. బాల్యంలో కూతురిపై అత్యాచారం చేసినవాడు నిద్రిస్తున్న ఇంటికి నిప్పంటుకున్న నాటి సంగతి చెబుతూ, ఆ నిప్పు తనదేనని తెలియజేస్తుంది. గొంతు పెంచదు. చేతిలో దువ్వెన ఆగదు.