నక్కవుల్లి: తన లెక్కే తనది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలు ముదిరేలోపే, గులకరాళ్ల ఎర్రనేలలో ఆకన్నదే లేకుండా ఒక పూలకాడ పైకి లేస్తుంది. అది నక్కవుల్లి. కొందరు అడవి ఉల్లి అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డ్రిమియా ఇండికా.

మామూలు మొక్క ఆకు వేసి, ఒళ్లు చేసి, ఆనక పూస్తుంది. నక్కవుల్లి ఆ వరస తిరగేసింది. పోయిన వానాకాలం ఆకులు వండిపెట్టిన తిండిని గడ్డ పొరల్లో దాచుకుని, ఆ నిల్వతోనే వేసవిలో పూస్తుంది. కింది మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, పైవి తర్వాత. కాయ మూడు పలకలుగా పగిలితే లోపల నల్లటి పలచటి గింజలు, గాలికి ఎగిరేంత తేలిక. తొలకరి పడేనాటికి అవి నేలమీదుంటాయి. గడ్డకు ఆకులొచ్చేదీ అప్పుడే.

అలాగని అన్ని గడ్డలూ ఒక్కసారే లేవవు. మా మేడ మీద పక్కపక్క కుండీలే, మట్టి ఒకటే, ఎండ ఒకటే. ఒకటి మార్చిలో కాడ తీస్తే ఇంకొకటి మే దాకా ఉలకదు, పలకదు. చిన్న గడ్డ ఆ ఏటికి ఆకులతోనే సరిపెడుతుంది. ఇందులో కొంత నిల్వ మహిమ, కొంత పుట్టుక. మన నక్కవుల్లిలో 20 క్రోమోజోములున్నవి, 30 ఉన్నవి, 40 ఉన్నవి కూడా కనిపిస్తాయి. 30 ఉన్నవాటికి గింజ పట్టడం కష్టం; పిల్లగడ్డలే వాటి సంతానం. పూత వేళల్లోని ఈ హెచ్చుతగ్గులు లోపం కాదు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా మందలో ఏదో ఒకటి అదను అందుకుంటుంది.

మధ్యధరా తీరంలో దీని దాయాది ఉంది. దాని మూడు విడతల పూతను బట్టి రైతులు దుక్కులకు అదను చూసుకునేవారని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాశాడు.

అడవి గడ్డలు పెంచడంలో పనితనమంతా చేతులు కట్టుకోవడంలోనే ఉంది. ఆకులు పండి వాలగానే నీళ్లు ఆపేయాలి; నిద్రలో తడిసిన గడ్డ కుళ్లుతుంది. ప్రతి కుండీకీ విడిగా చీటీ కట్టి, కాడ లేచిన తేదీ రాసుకోవాలి. ఒకదాని తేదీ ఇంకొకదానికి పనికిరాదు.

గడ్డ రసం తగిలితే దురద, కడుపులోకి పోతే గుండెకే ముప్పు. వంటింటి ఉల్లి దరిదాపుల్లో ఉంచకండి. అడవిలో తవ్వకండి, పెంచేవాళ్లను అడిగి ఓ పిల్లగడ్డ తెచ్చుకోండి. ఎండిపోయిందని మాత్రం వానలు పడకముందే కుండీ దులిపేయకండి.